మోటరు గదిలో శోకం

అలియాబాద్ నుంచి షామీర్‌పేటకు వచ్చే పెద్దరోడ్డు పక్కన ఒక మట్టిదారి చీలుతుంది. యూటర్న్ కోసం డివైడర్ వెంట అంత దూరం పోకుండా తూంకుంట వైపు తేలే అడ్డదారి అది. పగలంతా టిప్పర్లు, నీళ్ళ ట్యాంకర్లు తిరుగుతాయి. పొద్దు గూకాక మాత్రం ఆ దారి తొక్కేవాళ్ళు లేరు. బిర్యానీ తెచ్చే కుర్రాళ్ళు కూడా — చల్లారితే తిట్లు తప్పవని తెలిసీ — చుట్టు తిరిగి పోతారు.

ఆ దారి మధ్యలో ఒక మోటరు గది ఉండేది. తలుపు లేదు. మోటరు లేదు. పక్కన బావీ లేదు... పూడ్చేశారు. చీకటి పడ్డాక ఆ గదిలో ఒక ఆడమనిషి ఏడుస్తుందని చెప్పేవాళ్ళు. మామూలు ఏడుపు కాదు. రాగం తీసి, పేరు పెట్టి — "బాలనర్సూ... ఓ బాలనర్సూ..." అని.

బాలనర్సమ్మ పోయిన చలికాలంలో చచ్చిపోయింది. ఆమె పేరు పెట్టుకుని ఆమే ఏడుస్తోందని ఊరి మాట.

ఒక చోటుకు చెడ్డపేరు రావాలంటే మనకు ఆడమనిషి పేరొకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పెద్దమనుషులైన మగవాళ్ళు పోతే కూడలిలో విగ్రహాలవుతారు. ఆడవాళ్ళు దెయ్యాలవుతారు. అందుకే ఈ కథ చెవిన పడినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. చెప్పిన మనిషిని చూశాక పట్టించుకున్నాను. ఆమె భయపడుతూ చెప్పలేదు... దిగులుగా చెప్పింది.

ఆమె పేరు శ్రీదివ్య. వాళ్ళది ఏలూరు వైపు. ఆమె చిన్నప్పుడే ఉద్యోగాల కోసం వచ్చి తూంకుంటలో ఇల్లు కట్టుకున్నారు. శ్రీదివ్య నగరంలో ఒక డిజిటల్ లైబ్రరీలో పనిచేస్తుంది. ఊళ్ళు తిరిగి పాత పాటలు, మాటలు రికార్డు చేసుకొచ్చి, ఎవరైనా ఎక్కడినుంచైనా ఉచితంగా వినేట్టు ఇంటర్నెట్‌లో పెట్టే పని.

వాళ్ళమ్మ పార్వతీదేవికి ఆ ఉద్యోగం ఇప్పటికీ అర్థం కాదు.

"ఎవరైనా అడిగితే ఏమని చెప్పనే?"

"లైబ్రరీ అని చెప్పమ్మా."

"పుస్తకాలేవీ అంటే?"

"మనుషులే పుస్తకాలని చెప్పు."

"చావుల దగ్గర ఏడ్చేవాళ్ళు కూడానా? మన కాలనీలో చెప్పకు తల్లీ... సంబంధాలు చూస్తున్నాం."

చావుల దగ్గర ఏడ్చే మనిషే బాలనర్సమ్మ. కూలికి కాదు. నాలుగెకరాల ఆసామి ఇంటి కోడలు. కానీ చుట్టుపక్కల ఎవరింట్లో ప్రాణం పోయినా ముందు ఆమెకే కబురు వచ్చేది. ఆమె వచ్చి శవం తల దగ్గర కూర్చుని, పోయిన మనిషి పేరెత్తి శోకం తీస్తే — అప్పటిదాకా రాయిలా ఉన్నవాళ్ళు కూడా కరిగిపోయేవాళ్ళట. ఏ వంకాయ కూర ఇష్టం, ఏ పండక్కి కొత్తచీర కొనలేదు... అన్నీ ఆ శోకంలోకి వచ్చేవి. చదువురాని ఆడవాళ్ళ బతుకుల్ని ఒక్కసారైనా ఎవరైనా వరసగా చెప్పారంటే, ఆ శోకంలోనే.

రికార్డు చేస్తానని శ్రీదివ్య వాళ్ళింటికి పోతే ముసలామె గుమ్మంలోనే ఆపేసింది.

"ఇంట్ల కాదు బిడ్డా. పీనిగె లేని ఇంట్ల శోకం పెడితె, పీనిగెను పిలిచినట్టే."

"అయితే ఎక్కడ అవ్వా?"

"నడువు... మోటరు కాడికి పోదాం."

ఊరి బయట మోటరు గది. అప్పటికే పొలం ప్లాట్లయిపోయింది. హద్దురాళ్ళ మధ్య గది ఒక్కటే మిగిలింది. బాలనర్సమ్మ లోపల కూర్చుని, తలమీద కొంగు కప్పుకుని... ఆగిపోయింది.

"ఎవలి పేరు పెట్టాలె? పేరు లేక శోకం నడవది."

"ఎవరో ఒకరి పేరు పెట్టండి."

"బతికున్నోళ్ళది పెట్టొద్దు. సచ్చినోళ్ళకు ఒక్కపారే. మా ఆయనకు గప్పుడే ఏడ్చిన. మల్ల పిలిస్తె మల్లొస్తడు." పళ్ళులేని నోటితో నవ్వింది. "వద్దు బిడ్డా. ఒక్కపారికే పరేషానైన."

కొంతసేపు నేల గీరుతూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది —

"నా పేరే పెట్టుకుంట."

"మీరు బతికే ఉన్నారు కదా అవ్వా..."

"గా సంగతి ఎవలికి యాదికున్నది?"

అలా తన చావుకు తనే ఏడ్చింది బాలనర్సమ్మ. బావి పూడ్సిండ్రు బాలనర్సూ, బావిల నీ బిందె ఉండె బాలనర్సూ... గట్లు సెరిపిండ్రు బాలనర్సూ, గట్టు మీద నీ అడుగులుండె బాలనర్సూ... శ్రీదివ్యకు కళ్ళు నిండాయి. కళ్ళు తుడుచుకుంటే రికార్డరు కదులుతుందేమోనని అలాగే ఉండిపోయింది.

కానీ ప్రతి మాట తర్వాతా ముసలామె ఆగుతోంది. చాలాసేపు. మర్చిపోయిందనుకుంది శ్రీదివ్య.

"మర్సిపోవుడేంది? గిది పక్కోళ్ళ వంతు. నేనొక మాట ఎత్తుకుంట, పక్కోళ్ళు అందుకుంటరు. అందుకునేదాక ఆగాలె." గోడవైపు చూస్తూ అంది. "ఒక్కతె ఏడిస్తె పిచ్చిది అంటరు బిడ్డా. పదిమంది అందుకుంటెనే శోకం."

ఆ రోజు అందుకోవడానికి ఎవరూ లేరు. శ్రీదివ్యకు రాదు. ఆ ఆగడాలన్నీ ఖాళీగానే రికార్డయ్యాయి.

లైబ్రరీలో ఏ ధ్వని అయినా ఇంటర్నెట్‌లోకి ఎక్కించేముందు శుభ్రం చేస్తారు. ఫ్యాను చప్పుడు, కుక్కల అరుపులు తీసేస్తారు. శబ్దం లేని చోట్లను యంత్రమే వెతికి కోసేస్తుంది — వినేవాళ్ళకు విసుగు రాకుండా, జాగా కలిసొచ్చేలా. అది అక్కడి పద్ధతి. ఎవరూ చెడు తలపెట్టి చేసింది కాదు. చెడు తలపెట్టకుండా జరిగే నష్టాలకే మన దగ్గర పద్ధతి అని పేరు.

మనవరాలు తృప్తి ఆ పాటను ఫోన్‌లో దింపుకుని అవ్వకు వినిపించింది. డిగ్రీ చదివే పిల్ల. ఆ ఇంట్లో అవ్వ మాట వినే మనిషి ఆమె ఒక్కతే. శ్రీదివ్య కూడా పక్కనే ఉంది.

బాలనర్సమ్మ మొహం వాడిపోయింది.

"గిదెవలు? ఊపిరి తీసుకోకుంట ఏడుస్తున్నది ఎవలు?"

"నువ్వే గద అవ్వా," అంది తృప్తి.

"నేను గాదు. పక్కోళ్ళను తీసేసిండ్రు." శ్రీదివ్య చెయ్యి పట్టుకుంది. "పెట్టు బిడ్డా... పక్కోళ్ళను మల్ల పెట్టు. నేను పోయిన్నాడు గిది పెడితె, ఆగిన కాడ ఎవలన్న అందుకుంటరు. లేకుంటె నేను ఒక్కదాన్నే ఏడ్సుకుంట పోవాలె."

శ్రీదివ్య సరేనంది. కోయని రికార్డు లైబ్రరీలో భద్రంగా ఉంది. దాన్నే పైకి ఎక్కించాలని పైవాళ్ళను ఒప్పించింది కూడా. అది ఎక్కేలోపే బాలనర్సమ్మ మేడ్చల్‌లో ఒక ఆసుపత్రి మంచం మీద పోయింది.

కొడుకు మధుసూదన్ చేతిలో ప్లాట్లూ ఉన్నాయి, పార్టీ కండువా ఉంది. చావు ఘనంగా చేశాడు. ఫ్రీజర్ బాక్సు చుట్టూ పూలు, బయట కుర్చీలు, మైకులో భక్తిపాటలు. తృప్తి శవం తల దగ్గర కూర్చుని "అవ్వా..." అని రాగం ఎత్తబోతే తండ్రి భుజం మీద చెయ్యేసి ఆపాడు. పెద్దమనుషులొస్తున్నారు, ఊకో అన్నాడు. శవం లేచిపోయింది. శవం లేచాక శోకం పెట్టకూడదు.

తర్వాత ఎవరో ఆ కోసిన పాటలోని ముక్క వాట్సాప్‌లో తిప్పారు. పాట తీసేయమని మధుసూదన్ లైబ్రరీకి మనిషిని పంపాడు. వారసుల అనుమతి లేకుండా పెట్టకూడదు కాబట్టి లైబ్రరీ రెండు రికార్డులకూ తాళం వేసింది. ఏడ్చింది ఆమె. చచ్చింది ఆమె. అనుమతి ఇవ్వాల్సింది మాత్రం కొడుకు.

ఎండాకాలానికి మోటరు గదికి చెడ్డపేరు వచ్చింది.

శ్రావణంలో ఒక సాయంత్రం... ముసురు. శ్రీదివ్య చివరిసారి అడిగి చూద్దామని మధుసూదన్ ఇంటికి వెళ్ళింది. అతను మర్యాదగానే కూర్చోబెట్టాడు. చాయ్ తెప్పించాడు. గోడకు తల్లి ఫొటో, దానికి లైట్ల దండ.

"సూడుండ్రి మేడం, అమ్మంటే నాకు పాణం. గా లేఅవుట్‌కు అమ్మ పేరే పెట్టిన — శ్రీ బాలనర్సమ్మ గ్రీన్ వ్యాలీ. ఇంతకన్న ఏం జేస్తరెవలన్న?"

"పాట అందరికీ అందుబాటులో ఉంటే ఇంకా మంచి పేరొస్తుందండీ. ఆమె కోరిక కూడా అదే."

"ఏం పేరు మేడం? ఫలానా లీడరు తల్లి సావుల కాడ ఏడ్చేటిదనా?" గొంతు తగ్గించాడు. "సిన్నప్పుడు నన్ను సంకనేసుకొని పోయేటిది. పీనిగెల పక్కన కూసోవెట్టేది. రాత్రి గా రాగం యాదికొస్తె పక్క తడిసేది నాకు. ఇప్పటికి గా గొంతు ఇంటె నిద్ర వట్టది. ఇగ దాన్ని లోకమంత ఇనుడు ఎందుకు... వదిలేయుండ్రి."

అతని కళ్ళలో తడి చూశానని శ్రీదివ్య చెప్పింది. నేను నమ్మాను. తమ భయం కోసం తల్లి నోరు నొక్కిన కొడుకులు రాక్షసులేం కాదు. తడి కళ్ళతోనే నొక్కుతారు.

బయటికొచ్చేసరికి ఇంకా ఎనిమిది కూడా కాలేదు. కానీ కరెంటు పోయి, మబ్బు దిగి, చీకటి చిక్కగా ఉంది. పెద్దరోడ్డు మీద లారీలు ఆగిపోయి ఉన్నాయి. శ్రీదివ్య స్కూటీని మట్టిదారి వైపు తిప్పింది. లేఅవుట్ కమాను దగ్గర వాచ్‌మన్ సిద్దిరాములు టార్చి ఊపాడు. కమానుకు నిమ్మకాయలు వేలాడుతున్నాయి.

"గటు పోకుండ్రి మేడం."

"వర్షం పెరిగేలా ఉంది సిద్దిరాములూ, తొందరగా వెళ్ళాలి."

"మీ ఇష్టం. పేరువెట్టి పిలిస్తె మాత్రం ఓ అనకుండ్రి."

స్కూటీ బురదలో జారుతూ... ఆగుతూ... హద్దురాళ్ళ మధ్యకు వచ్చింది. లైటు వెలుగులో మోటరు గది గోడ తెల్లగా కనబడింది. అక్కడే బండి ఆగిపోయింది. మళ్ళీ మళ్ళీ నొక్కింది. కదల్లేదు. లైటు కూడా ఆరిపోయింది.

వాన చప్పుడు.

ఆ చప్పుడులోంచి — సన్నగా —

"బాలనర్సూ... ఓ బాలనర్సూ..."

శ్రీదివ్య గది వైపు తిరిగింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. వారాల తరబడి చెవులకు పెట్టుకుని విన్న గొంతు.

"బావి పూడ్సిండ్రు బాలనర్సూ... బావిల నీ బిందె ఉండె బాలనర్సూ..."

ఆగింది.

ఇంటర్నెట్‌లో పెట్టిన పాటలో ఈ ఆగడం లేదు. ఆగే పాట లైబ్రరీ తాళంలో ఉంది. మరి ఇది...

అప్పుడు వినిపించింది రెండోది. ఒకటి కాదు — నాలుగైదు గొంతులు. కింది స్థాయిలో, గడ్డకట్టిన నెయ్యి కరిగినట్టు మెల్లగా —

"ఓ అక్కా... యేడ వోతివి అక్కా..."

పారిపోదామనుకుంది. పారిపోలేదు. ఎందుకని అడిగాను. "అందుకుంటున్నారు కదా..." అంది.

గోడ పట్టుకుని తలుపులేని గుమ్మం దాకా నడిచింది. లోపల కటిక చీకటి. తడి చీరల వాసన. గాజుల చప్పుడు. ఎవరో ఆమె చెయ్యి పట్టుకున్నారు... వెచ్చటి చెయ్యి.

"అక్కా... నేను, తృప్తిని. జల్దీ లోపలికి రా. తడుస్తున్నవ్."

కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక మనుషులు కనబడ్డారు. తృప్తి. సిద్దిరాములు భార్య దుర్గాబాయి. లేఅవుట్‌లో రాళ్ళు మోసే ఆడవాళ్ళు కొందరు — ఎక్కడో ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. తెలుగు రాదు. అయినా సరిగ్గా ఆగిన చోట అందుకుంటున్నారు.

ఇదా దెయ్యం అనుకుంది శ్రీదివ్య. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చావింట్లో ఏడ్వనివ్వకపోతే ఇక్కడికొచ్చి ఏడుస్తున్నారు. తృప్తి ఫోన్‌లో అవ్వ గొంతు ఉంది కాబోలు... మూలన పెట్టి వినిపిస్తోంది.

శ్రీదివ్య సంచిలో రికార్డరు ఉంది. "పెట్టనా?" అని గుసగుసగా అడిగింది.

తృప్తి అందరివైపూ చూసింది. "పెట్టు" అంది.

మూలనుంచి గొంతు లేచింది. ఆగింది. ఆడవాళ్ళు అందుకున్నారు. మళ్ళీ లేచింది. మళ్ళీ అందుకున్నారు. ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు గానీ, కొంతసేపటికి శ్రీదివ్య కూడా అందుకుంటోంది. రాగం రాదు. కరోనాలో పోయిన అత్తయ్యకు ఎవరూ ఏడ్వలేదు — సంచిలో చుట్టి ఇచ్చేశారు. ఆమె మొహం గుర్తొచ్చింది. రాగం అదే వచ్చింది.

వాన తగ్గాక ఒక్కొక్కరే లేచి, మాట్లాడకుండా చీకట్లోకి వెళ్ళిపోయారు. దుర్గాబాయి గుమ్మం దగ్గర ఆగింది.

"మా ఆయనకు సెప్పకు మేడం. దయ్యమని నిమ్మకాయలు కడుతుండు... పాపం, కట్టుకోనీ."

మర్నాడు ఆఫీసులో శ్రీదివ్య ఆ రికార్డును యంత్రంలో పెట్టింది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

వాన చప్పుడు. తర్వాత... ఏమీ లేదు.

తర్వాత — "ఓ అక్కా... యేడ వోతివి అక్కా..." నాలుగైదు గొంతులు. వాటిలో తన గొంతు కూడా, వంకరగా.

మళ్ళీ ఖాళీ.

మళ్ళీ గొంతులు.

చివరిదాకా విన్నది. వెనక్కి తిప్పి విన్నది. శబ్దం ఎంత పెంచినా ఆ ఖాళీల్లో వాన తప్ప ఏమీ లేదు. అందుకున్నవాళ్ళు అందరూ ఉన్నారు. ఎత్తుకున్న గొంతు లేదు.

తెర మీద యంత్రం ఎప్పటిలాగే అడిగింది — ఖాళీలు తొలగించాలా అని.

శ్రీదివ్య అది మూసేసి బస్సెక్కింది. మట్టిదారిలోకి వచ్చేసరికి మోటరు గది లేదు. కొత్త కమాను కోసం పొద్దున్నే జేసీబీ పెట్టి తోసేశారు. ఇటుకల కుప్ప పక్కన తృప్తి నిలబడి ఉంది. ఏడ్వడం లేదు. ఏడ్చి వచ్చిన మొహం.

"తృప్తీ, నిన్న ఫోన్‌లో అవ్వ గొంతు పెట్టింది నువ్వే కదా?"

"నా ఫోన్లది అవ్వ దినం నాడే బాపు తీసేసిండక్కా."

"మరి ఎత్తుకున్నదెవరు? దుర్గాబాయా?"

"ఆమెకు గా మాటలు రావు."

"నువ్వా?"

తృప్తి తల అడ్డంగా ఊపింది.

"మేం పక్కోళ్ళమే అక్కా." ఇటుకల వైపే చూస్తూ మెల్లగా చెప్పింది. "ఎండకాలం దాబా మీద పండుకున్నప్పుడు ఇన్న. ఒక మాట ఎత్తుకుంటది... ఆగుతది. ఇంకో మాట... ఆగుతది. తెల్లారేదాక గట్లనే. ఎవ్వలు అందుకోరు. దుర్గక్క గూడ ఇన్నదంట. ఎంతసేపని ఆగుతది, ముసల్ది? భయమైంది. అయినా ఊకెట్లుంటం?"

శ్రీదివ్య రికార్డరు తీసి, హెడ్‌ఫోన్ తృప్తికి ఇచ్చింది. తృప్తి కళ్ళు మూసుకుని విన్నది. ఖాళీ వచ్చిన ప్రతిసారీ పెదవులు బిగపట్టింది. అంతా అయ్యాక తీసి జాగ్రత్తగా చేతిలో పెట్టింది.

"గీ పాటకు బాపు అనుమతి కావాల్నా?"

"అవసరం లేదు. ఇందులో ఉన్నవాళ్ళు ఒప్పుకుంటే చాలు. ఇందులో... మీ అవ్వ గొంతు లేదు."

"అయితే పెట్టు. అందరు ఇననీ. మేమందరం ఒప్పుకుంటం."

జేసీబీ మళ్ళీ మొదలైంది. గది పునాది మీద మట్టి పోస్తోంది. ఆ చప్పుడులో తృప్తి శ్రీదివ్య చెవి దగ్గరకు వచ్చి అడిగింది —

"గా ఖాళీలు మాత్రం కొయ్యకక్కా. అవ్వకు ఇగ ఉండనీకి ఏడ జాగ లేదు."